గుసగుసల ఇల్లు

మా ఇంట్లో గట్టిగా మాట్లాడే హక్కు ఒక్క నానమ్మకే ఉండేది, ఎందుకంటే ఆవిడకి చెవుడు. తక్కినవాళ్లం, అంటే అమ్మ, నేను, తమ్ముడు, తెల్లవారింది మొదలు సాయంత్రం దాకా గుసగుసలతోనే కాలక్షేపం చేసేవాళ్లం. నాన్నది బేకరీలో రాత్రి పని. ఊరంతా పక్కలు వేసుకునే వేళకి చొక్కా తొడుక్కుని వెళ్లి, రాత్రంతా బ్రెడ్డు కాల్చి, పాలవాళ్లు మెట్లెక్కే వేళకి ఒంటినిండా పిండితో, ఈస్టు వాసనతో తిరిగొచ్చేవాడు. స్నానం చేసి, ఏదో ఇంత తిని, మంచమెక్కేవాడు. అక్కడినుంచి ఇల్లు నోరు మూసుకునేది.

ఉన్నవే రెండు గదులు, ఒక వంటిల్లు, నాలుగో అంతస్తులో. నాన్న మంచం కిటికీ ఉన్న గదిలో ఉండేది. ఎవరు ఎటు వెళ్లాలన్నా ఆ మంచం పక్కనుంచే వెళ్లాలి. కుర్చీల కాళ్లకి అమ్మ పాత మేజోళ్లు తొడిగింది. కాలింగ్ బెల్లులో గుడ్డపేలిక కుక్కింది, ఎవరైనా నొక్కితే అది ముసలాయన దగ్గినట్టు 'ఖుక్' మని ఊరుకునేది. మా ఇంట్లో కుక్కరు ఉంది గాని దానికి కూత పెట్టే యోగం లేదు. నేనూ తమ్ముడూ కొట్టుకున్నా కిమ్మనకుండా కొట్టుకునేవాళ్లం. వాడు నా జడ లాగితే నేను వాడి తొడ గిల్లేదాన్ని, వాడు నోరు తెరిచి, శబ్దం లేకుండా ఏడ్చి, మళ్లీ మూసుకునేవాడు. బళ్లో టీచరు పాఠం చదవమని లేపితే నా గొంతు ముందు బెంచీ దాటేది కాదు. "ఏమ్మా, ఇంట్లో తిండి పెట్టడం లేదా" అనేది ఆవిడ.

ఇంత జాగ్రత్త మధ్యలో నానమ్మ ఉన్నట్టుండి, "అమ్మాయ్, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావ్" అని కింది అంతస్తు వాళ్లు కూడా వెతుక్కునేంత గట్టిగా అరిచేది. అమ్మ ఉలిక్కిపడి మంచం వైపు చూసేది. నాన్న ఇటునుంచి అటు తిరిగి, హాయిగా గురక పెట్టేవాడు. ఆ గురక మాకు ఏదో చెప్పి ఉండాల్సింది. మేం వినలేదు, అమ్మ "ష్" అంటూ మా చేతుల్లో కళ్లజోడు పెట్టి నానమ్మ దగ్గరికి తరిమేది.

అమ్మ ఒక షాపుకి కర్టెన్లు కుట్టి ఇచ్చేది. మిషను పని నాన్న గడప దాటాక. పగలంతా చేత్తో అంచులు కుట్టేది. ఇంట్లో వెలుతురున్నది ఆ ఒక్క కిటికీ దగ్గరే, అందుకని మంచం కాళ్ల వైపు చాప వేసుకుని కూర్చునేది. బడి లేనప్పుడు నేనూ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. అప్పుడు అమ్మ గుసగుసగా అన్నీ చెప్పేది. చెప్పు తెగిపోయిందని, వంటింటి బల్బు మిణుకుమిణుకుమంటోందని, తమ్ముడికి రంగు పెన్సిళ్లు కావాలని పేచీ పెడుతున్నాడని. నాతోనే చెప్పేది, ఇంకెవరున్నారు చెప్పడానికి.

చిత్రం ఏమిటంటే, రెండు రోజులు తిరిగేసరికి నాన్న అడక్కుండానే కొత్త చెప్పులు తెచ్చేవాడు. బల్బు తెచ్చేవాడు. ఒకసారి పెన్సిళ్లు కూడా తెచ్చాడు. ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లిపోయేవాడు.

"మీ నాన్నకి ఒళ్లంతా కళ్లేనే. అన్నీ కనిపెడతారు. ఆ ఇచ్చే దేవుడు నోరు కూడా ఇచ్చుంటే ఎంత బావుండేది" అనేది అమ్మ.

నోటి సంగతి అమ్మకి పెద్ద బాధ. నాన్న సాయంత్రం లేచి, టీ తాగి, నానమ్మ చెవి దగ్గర నోరు పెట్టి రెండు మాటలు అరిచి, భోంచేసి వెళ్లిపోయేవాడు. అమ్మతో మాట్లాడేది ఆ గుమ్మం దగ్గరే. "తలుపేసుకో" అనేవాడు. "సరే" అనేది. ఒక్కోసారి కుడుతూ కుడుతూ సూది ఆపి నాతో అనేది, "మీ నాన్నా నేనూ ఇన్నేళ్లలో మాట్లాడుకున్న మాటలన్నీ ఏరి పోగేస్తే ఒక పూట కూరకి రావే. ఈ మనిషిని కట్టుకుని ఏం బావుకున్నానో నాకే తెలీదు." అని మళ్లీ కుట్టుకునేది. నాకప్పుడు పధ్నాలుగేళ్లు. ఆ మాట వింటూ దారం ఉండ చుట్టేదాన్ని.

ఆ వేసవిలో బేకరీ ఓనరు బ్రెడ్డు చేయడం మానేశాడు. ఊరికి చాలా దూరంలో పెద్ద ఫ్యాక్టరీ పడింది, అక్కడి బ్రెడ్డు తళతళలాడే కవర్లలో చవగ్గా వస్తోంది. ఇక మీదట పగటిపూట బన్నులు, కేకులు, బిస్కెట్లు మాత్రమే అన్నాడు.

ఆ రోజు నాన్న గుమ్మంలో నిలబడి మామూలుకన్నా ఎక్కువే మాట్లాడాడు. "ఈ వేసవంతా పగలు పెట్టి చూస్తానన్నాడు. కుదిరితే ఉంటాను. కుదరకపోతే ఆ ఫ్యాక్టరీలో రాత్రి పనికి చెబుతానన్నాడు. అక్కడే ఉండడానికి గదిస్తారట. వారానికోసారి రావచ్చు."

"కుదరక ఏమవుతుంది. లోకమంతా పగలు చేయట్లేదూ" అంది అమ్మ.

నాన్న పగటి పనికి వెళ్లిన మొదటి రోజు అమ్మ స్టూలెక్కి కాలింగ్ బెల్లులోంచి పేలిక పీకేసింది. తమ్ముడు బయటికెళ్లి బెల్లు నొక్కాడు. అది అంత గట్టిగా మోగుతుందని మాకెవరికీ తెలీదు. వాడు నొక్కుతూనే ఉన్నాడు, అమ్మ తలుపు తీస్తూనే ఉంది, తీసిన ప్రతిసారీ "ఎవరు కావాలండీ" అని అడుగుతూ పకపకా నవ్వుతూనే ఉంది. అమ్మ నవ్వుకి చప్పుడుందని కూడా నాకు ఆ రోజే తెలిసింది. కుక్కరు కూత పెట్టింది. మిషను పట్టపగలు నడిచింది. తమ్ముడు గది మధ్యలో నిలబడి, ఎన్నాళ్లనుంచి దాచుకున్నాడో, ఒక పెద్ద కేక పెట్టాడు. పక్కింటావిడ ఎవరికి ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

"ఏం కాలేదండీ. ఇక మేమూ నలుగురిలాగా బతుకుతాం" అంది అమ్మ.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. నాన్నకి రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట్లో అలవాటు లేకపోవడం వల్లే అనుకున్నాం. తెల్లవారకముందే పనికి వెళ్లాలి కాబట్టి మమ్మల్నందరినీ పెందరాళే పడుకోబెట్టి అమ్మ దీపాలార్పేసేది. మేం పడుకున్న మరుక్షణం మొద్దుల్లా నిద్రపోయేవాళ్లం. నాన్న మాత్రం అటూ ఇటూ పొర్లి, లేచి కూర్చుని, నీళ్లు తాగి, గదులన్నీ తిరిగేవాడట. ఒకసారి నాకు సగం మెలకువొస్తే, చీకట్లో నాన్న నా మీదికి వంగి ఉన్నాడు, ఆయన వేలు నా ముక్కు దగ్గర ఉంది. దోమను తోలుతున్నాడు కాబోలనుకుని మళ్లీ పడుకున్నాను.

అమ్మ తనకి తెలిసిన వైద్యం మొదలెట్టింది. ఆవిడకి తెలిసిన వైద్యం ఒకటే. గోడ గడియారాన్ని తీసి పిండి డబ్బాలో పెట్టి మూతేసింది. వంటింటి కుళాయి చుక్కచుక్కా కారుతుంటే దానికి గుడ్డ కట్టింది. పైఅంతస్తు వాళ్ల దగ్గరికెళ్లి, రాత్రిళ్లు కుర్చీలు ఈడ్చొద్దని బతిమాలి వచ్చింది. బెల్లులోకి పేలిక మళ్లీ వెళ్లింది. రాత్రి మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేది. ఆ చీమ కూడా అమ్మకి భయపడి చిటుక్కుమనేది కాదు. అంత నిశ్శబ్దంలోనూ నాన్నకి కంటి మీద కునుకు లేదు. నిశ్శబ్దం పెరిగేకొద్దీ ఆయన కళ్ల కింద నలుపు పెరిగింది.

ఒక సాయంత్రం అట్టపెట్టె నిండా బన్నులు తెచ్చాడు. తమ్ముడు ఎగిరి గంతేశాడు. నేను ఒకటి కొరికి, అమ్మ మొహం చూసి, మింగేశాను. అమ్మ తిని మంచినీళ్ల చెంబు అందుకుంది. నానమ్మ ఒక్కతే గదులు దద్దరిల్లేలా, "ఒరేయ్, ఇందులో ఉప్పు రెండుసార్లు వేశార్రా ఎవరో" అంది.

"నేనే అమ్మా" అన్నాడు నాన్న. ఆవిడకి వినపడలేదు. "వాణ్ని మాన్పించేయమను మీ ఓనరుని" అంది.

ఆ తర్వాత కేకులు మాడాయి. ఒక మధ్యాహ్నం పిండి బల్ల మీద తలవాల్చి కూర్చునే నిద్రపోయాడట, మిక్సరు తిరుగుతూనే ఉందట. ఓనరు మంచివాడే, అరవలేదు. నెలాఖరు దాకా చూసి ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తానన్నాడు.

ఆ నెలాఖరుకి ముందు ఆదివారం సంగతి నేను మరిచిపోలేను. భోజనాలయ్యాయి. నాన్న మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాడు. పడుకోవడమంటే నడుం వాల్చడమే, నిద్ర వస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. తమ్ముడు నేల మీద బొమ్మలు వేసుకుంటున్నాడు. నానమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధి చూస్తోంది. అమ్మ ఎప్పట్లాగే మంచం కాళ్ల వైపు చాప మీద కూర్చుని ఉంది. చేతిలో కర్టెను లేదు. నాన్న చొక్కాలున్నాయి. ఒక్కొక్కటే మడత పెట్టి సంచిలో సర్దుతోంది.

"ఎక్కడికి ఇవి?" అన్నాను. గుసగుసగానే అన్నాను. కష్టమైన మాటలు మాకు ఆ గొంతులో తప్ప రావు మరి.

"నీకు తెలుసుగా."

"నెలాఖరు కాలేదు కదా. ఇంకా ఏమీ తేలలేదు కదా."

"ఇంకేం తేలాలి. మనిషిని చూడు ఎలా అయిపోయారో. అక్కడైతే రాత్రి పని, పగలు నిద్ర. ఒంటికి అలవాటైంది."

"నువ్వు వద్దని చెప్పవా?"

"వద్దంటే? ఆ ఓవెన్ ముందు కళ్లు తిరిగి పడితే? చేయి కాల్చుకుంటే?"

"వారానికోసారొస్తే అది ఇంటికి రావడం ఎలా అవుతుంది. చుట్టాలొచ్చినట్టు."

"నెమ్మదిగా మాట్లాడవే."

"నెమ్మదిగానే మాట్లాడుతున్నా. నీకు బాధ లేదు. మాట్లాడని మనిషి ఇక్కడుంటే ఏంటి, అక్కడుంటే ఏంటి అనుకుంటున్నావు నువ్వు."

అమ్మ చేతిలో చొక్కా ఆగిపోయింది. "మీ నాన్న లేని ఇంట్లో నేను గట్టిగా మాట్లాడి ఎవరికి వినిపించనే" అంది. కళ్ల నీళ్లు ఆ చొక్కా కాలరుకే తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ముక్కులు ఎగబీలుస్తూ, తప్పు నీదంటే నీదని, గుసగుసగా చాలాసేపు పోట్లాడుకున్నాం. ఉప్పు బన్నుల దగ్గర మొదలుపెట్టి, నా చిన్నప్పటి జ్వరాల దాకా వెళ్లాం. కోపం వస్తే మా ఇద్దరికీ లెక్క ఉండదు.

మధ్యలో నానమ్మ ఇటు తిరిగింది. "అమ్మాయ్, ఇలా చూడు. వీడు నిద్రపోతున్నాడే" అని అరిచింది.

నాన్న నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చేయి మంచం మీంచి కిందికి జారి వేలాడుతోంది. గురక కూడా వస్తోంది, ఆ పాత గురకే. మా గొడవలో పడి మేం గమనించలేదు. నానమ్మ అరుపుకి కూడా ఆయన కదల్లేదు.

అమ్మ వెంటనే నా నోటి మీద చేయి పెట్టింది. తమ్ముడి చేతిలో పెన్సిలు లాగేసుకుంది. నానమ్మకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఇల్లంతా బిగబట్టుకుని కూర్చున్నాం.

కాసేపటికి గురక ఆగింది. నాన్న కదిలాడు.

"ఆపేశారేం?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

అమ్మ నా వైపు చూసింది. "ఏంటండీ?"

"మాట్లాడుకుంటున్నారుగా. మాట్లాడుకోండి."

"మీరు పడుకున్నారని ఆపాం."

"మీరు మాట్లాడుకుంటుంటేనే పడుకున్నా" అన్నాడు నాన్న, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. అని అటు తిరిగాడు.

అమ్మ చాప మీద నా పక్కకి జరిగింది. నా మోచేయి పట్టుకుంది. చివరికి చాలా చిన్నగా, "కుళాయికి వాషరు వేయించాలే" అంది. "వేయిద్దాం" అన్నాను. "ఆ గుడ్డ ఎన్నాళ్లు ఆగుతుంది" అంది. అలా వాషర్ల గురించి, మేజోళ్ల గురించి, పక్కింటావిడ కొత్త కర్టెన్ల గురించి మాట్లాడుతూ పోయాం. గురక మళ్లీ మొదలైంది. దీపాలు పెట్టే వేళ దాకా మేం చాప మీంచి లేవలేదు. నోరు నొప్పెట్టినప్పుడల్లా తమ్ముణ్ని పిలిచి కూర్చోబెట్టాం.

నాన్న లేచి టీ తాగుతున్నప్పుడు అమ్మ ఎదురుగా కూర్చుంది. "ఏంటండీ ఇది" అంది.

నాన్న గ్లాసులోకి చూస్తూ మాట్లాడాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనడం నేను మొదటిసారి విన్నాను. "పగలు పడుకున్నప్పుడు మీ గుసగుస వినపడుతుండేది. ఇంట్లో అందరూ ఉన్నారు, తిన్నారు, ఏదో కొట్టుకుంటున్నారు, పరవాలేదు అనిపించేది. కళ్లు అవే మూతపడేవి. ఇప్పుడు రాత్రి పడుకుంటే ఇంట్లో ఎవరూ లేనట్టుంటుంది. లేచి వెళ్లి పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసొస్తున్నా. పిచ్చి అనుకుంటారని చెప్పలేదు."

"మేం మీకు చప్పుడు కాకూడదనే కదా..."

"మీరు గట్టిగా మాట్లాడని మనుషులు అనుకున్నా నేను. మీ పుట్టింటి వాళ్లంతా అంతేనేమో అని."

అమ్మ నెత్తి కొట్టుకుంది. అమ్మ పుట్టింటి వాళ్లు మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది.

తమ్ముడు అనుమానంగా దగ్గరికొచ్చాడు. "అయితే అన్నీ వినపడేవా నీకు?"

"అన్నీ కాదు. నిద్ర పట్టేదాకా."

"అద్దం పగిలింది కూడానా?"

"పిల్లి పగలగొట్టిందని చెప్పమన్నావు మీ అక్కని. మనకి పిల్లి లేదు" అన్నాడు నాన్న. తమ్ముడు నెమ్మదిగా నానమ్మ వెనక్కి వెళ్లిపోయాడు.

అమ్మ మాత్రం కదల్లేదు. "చెప్పులు?" అంది.

"తెగిపోయాయన్నావుగా."

"మీతో అనలేదు."

"నాతో అనలేదు. నాకు వినపడింది."

అమ్మ మొహంలో ఒక్కొక్కటే వస్తున్నాయి, బల్బు, పెన్సిళ్లు, గొడుగు, చలికాలంలో తెచ్చిన దుప్పటి. అన్నీ వచ్చాక ఇంకొకటి వచ్చినట్టుంది, నా వైపు తిరిగి, "నువ్వెళ్లి గ్లాసులు కడుగు" అంది. వెళ్లాను. కుళాయి తిప్పలేదు. గుసగుసల్లో పెరిగిన చెవులు నావి, గోడ అడ్డమొస్తే ఆగుతాయా.

"అదీ విన్నారా?" అంది అమ్మ.

"ఏది?"

"మీకు తెలుసు."

"విన్నా."

"ఎప్పుడు?"

"ఒకసారి అన్న మాట కాదుగా."

"మరి ఏమీ అనలేదేం నన్ను?"

"నిద్రలో ఉన్నవాడు ఏమంటాడు" అన్నాడు నాన్న.

నేను తొంగి చూసేసరికి అమ్మ సంచిలోంచి చొక్కాలు తీసి మళ్లీ కొక్కేలకి తగిలిస్తోంది. నాన్న ఒక్కొక్కటే అందిస్తున్నాడు.

ఆ రాత్రి నుంచి ఇంటి పద్ధతి మారింది. పగలంతా అమ్మ ఇష్టం. బెల్లు మోగేది, కుక్కరు కూసేది, పిండి డబ్బాలోంచి బయటపడ్డ గడియారం దుమ్ము దులుపుకుని గంటలు కొట్టేది. నాన్న మంచమెక్కగానే అమ్మ చిన్న దీపం పెట్టుకుని, చాప వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. కర్టెను అంచు కుడుతూ ఆ రోజు కబుర్లన్నీ గుసగుసగా చెప్పేది. కూరల వాడితో బేరం, తమ్ముడి మార్కులు, పైఅంతస్తులో ఎవరో వాయించడం నేర్చుకుంటున్న వేణువు. ఎప్పుడూ నాకే చెప్పేది. ఆయనకి ఎదురుగా కూర్చుని చెప్పమంటే చచ్చినా ఆవిడకి మాట పెగిలేది కాదు. మొదట్లో చాలాసేపు చెప్పాల్సి వచ్చేది. తర్వాత కూరల బేరం పూర్తయ్యేలోపే గురక వచ్చేది.

నెలాఖరున ఓనరు ఫ్యాక్టరీకి ఫోన్ చేయలేదు. ఒక బన్ను తుంచి నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయింది" అన్నాడట. నాన్న ఆ మాట ఇంటికొచ్చి తనంతట తనే చెప్పాడు. నానమ్మ చెవిలో అరిచి మరీ చెప్పాడు.

వానలు మొదలైన రాత్రి నాకు బాగా గుర్తు. కిటికీ మూసేశాం, గదిలో వేడిగా ఉంది. నాన్న పడుకున్నాడు. అమ్మ ఆ రోజు కబుర్లన్నీ చెప్పేసింది. గురక ఇంకా రాలేదు. వాన చప్పుడులో వినపడలేదో ఏమో. అమ్మ సూది ఆపి, మంచం వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది. గొంతు మాత్రం నా చెవికి కావలసిన దానికంటే కాస్త పెద్దగానే ఉంది.

"ఈ మనిషిని కట్టుకుని నేను ఏం బావుకున్నానో తెలుసా" అంది.

"ఏంటి?" అన్నాను.

"బాగానే బావుకున్నానే."

మంచం మీద ఊపిరి ఒక్క క్షణం ఆగింది. అమ్మ తల వంచుకుని, దారం కొరికి, ముడి వేసుకుంది.

నాన్న ఏమీ అనలేదు. నిద్రలో ఉన్నాడు కదా.